పైడయ్య పిలుపు, డీజే మిక్స్

మా అయ్య పైడయ్య ఇంట్లో ఉప్పు కావాలన్నా నోరు తెరిచి అడిగేవాడు కాదు, కంచం మీద వేలితో కొట్టేవాడు. అదే మనిషి ఒడ్డు మీదికి వెళ్తే యారాడ కొండ అవతల ఉన్నవాళ్ళకి కూడా వినబడేలా పిలిచేవాడు. చిన్నప్పుడు నాకు ఒళ్ళు మండేది. ఆ గొంతులో సగమైనా మా కోసం ఖర్చుపెట్టొచ్చు కదా అని మా అమ్మ పోతమ్మతో దెబ్బలాడేదాన్ని.

"ఆ గొంతు ఊరిదే. మనకి మనిషినిచ్చినారు, సాలదా" అనేది అమ్మ, చేపల తట్ట నెత్తికెత్తుకుంటూ.

పిలుపు అంటే ఏమిటో ముందు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మా ఊరికంతటికీ కలిపి ఒక పాత చెక్క నావ ఉంది. దాని మీద ఇప్పుడెవరూ వేటకి వెళ్ళరు, అందరికీ ఫైబర్ పడవలూ ఇంజన్లూ వచ్చేశాయి. కానీ గంగాలమ్మ పండగనాడు ఆ నావని నీళ్ళ దగ్గర నుంచి ఇసక మీదుగా అమ్మవారి గుడి ముందు దాకా లాగాలి. ఒడ్డు చాలా ఏటవాలు. నావ కింద దుంగలు వేసి, ముందు రెండు మోకులు కట్టి, ఊళ్ళో మగవాళ్ళందరూ ఒక్క ఊపున లాగితేగాని అది కదలదు. ఆ ఊపు ఇచ్చేవాడు మా అయ్య. "ఓ లాగో, ఒడ్డెక్కో" అని ఆయన పిలిస్తే, మోకు పట్టినవాళ్ళంతా "ఐసా" అని లాగేవారు.

ఆయన గొంతు ఆగితే లాగడం ఆపి మోకు బిగపట్టుకోవాలి. అప్పుడు దుంగలవాళ్ళు నావ కిందకి దూరతారు. వెనక మిగిలిపోయిన దుంగని తీసి ముందు వేస్తారు, వంకరపోయిన దాన్ని సరిచేస్తారు. మా అయ్య ఇసకలో చెంప ఆనించి కిందకి చూసేవాడు. ఒక్క కాలు కనబడినా సరే, పెదవి విప్పేవాడు కాదు. ఎండలో మోకు పట్టుకుని నిలబడ్డవాళ్ళు "పిలవరా పైడిగా" అని బూతులు తిట్టినా వినేవాడు కాదు. అందరూ బయటికి వచ్చాకే మళ్ళీ ఎత్తుకునేవాడు. కింద దూరినవాళ్ళు తలెత్తి ఎవరి వంకా చూసేవారు కాదు, చెవి ఆయన గొంతు మీద పెట్టి పని చేసుకునేవారు. ఆయన పిలిచినన్నాళ్ళూ ఆ నావ కింద ఎవరికీ గోరు ఊడలేదు.

తర్వాత గొంతులో పుండు లేచింది. చుట్టలు మానమంటే మానేవాడు కాదు, నేను చుట్టలు పారేస్తే మళ్ళీ కొనుక్కునేవాడు. పెద్దాసుపత్రిలో కోసి గొంతు తీసేశారు. మెడ కింద చిల్లు, దాని మీద తడి గుడ్డ. ఇంట్లో పెద్ద తేడా తెలియలేదని చెప్తే నన్ను రాక్షసి అంటారు, కానీ నిజం అదే. కంచం మీద వేలు అలాగే కొట్టేవాడు. తేడా ఒడ్డు మీద తెలిసింది.

ఆ ఏడు పండగకి మా ఆయన కోటి పిలిచాడు. కోటి మా మేనత్త కొడుకు, మా అయ్యకి మేనల్లుడు, చిన్నప్పటి నుంచీ ఆ మోకు ముందు వరసలో పెరిగినవాడు. గట్టిగానే అరిచాడు, కానీ ఒకడు ముందు లాగితే ఒకడు తర్వాత లాగాడు. నావ సగం దారిలో ఒరిగిపోయింది. చీకటి పడేదాకా తంటాలు పడి ఎలాగో గుడి దగ్గరికి చేర్చారు.

ఈ ఏడు పండగ దగ్గర పడగానే ఊరి పెద్ద రామాలయం అరుగు మీద కూర్చుని తేల్చేశాడు. "ఈపాలి ట్రాక్టరెట్టీద్దాం. పావుగంటలో ఎక్కిపోద్ది, గొడవుండదు."

"నాను పిలుత్తాను కదా పెదనాయనా, ఇంకోపాలి సూడండి" అన్నాడు కోటి.

"నువ్ పిలిత్తే నీ పెళ్ళామే పలకదురా" అన్నారెవరో. అందరూ నవ్వారు. అదీ నిజమే, నేను పలకను.

మా అయ్య నవ్వలేదు. అక్కడ నుంచి లేచి వెళ్ళి నావకి వీపు ఆనించి కూర్చున్నాడు. అన్నానికి రాలేదు. మర్నాడు కూడా పొద్దున్నే వెళ్ళి అక్కడే కూర్చున్నాడు. నేను వెళ్ళి, "అయ్యా, ఇది నావ, నీ పెళ్ళాం కాదు, ఇంటికి రా" అని కసిరాను. ఆయన నా మొహంలోకి చూసి, మెడ మీద గుడ్డ తీసి ఆ చిల్లు చూపించాడు. ట్రాక్టర్ వచ్చి లాగేస్తే ఇంక తను బతికి ఏం లాభం అన్నట్టు చెయ్యి తిప్పాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ ట్రాక్టర్ రానివ్వకూడదని అప్పుడే పట్టుపట్టాను.

నా ఫోన్లో ఒక వీడియో ఉంది. ఆయన గొంతు పోకముందు పండగకి, స్టేటస్ పెట్టుకుందామని తీసింది. అందులో గాలి, కెరటాలు, మా అమ్మ ఎవరినో "తట్ట ఇటివ్వవే" అని కసరడం, వాటి కింద మా అయ్య పిలుపు. అచ్యుతాపురంలో నేను పనిచేసే బట్టల ఫ్యాక్టరీకి వారపు సెలవు రాగానే ఆయన్నీ కోటినీ వెంటబెట్టుకుని పట్నంలో పాత ఊళ్ళో ఉండే షహబాజ్ దగ్గరికి పోయాను.

షహబాజ్ వాళ్ళ నాన్న రహమాన్ గారి మైక్ సెట్టు నేను పుట్టకముందు నుంచీ మా ఊరి పండక్కి వస్తోంది. కొడుకు ఇప్పుడు డీజే. కొట్టు వెనక చిన్న గదిలో లాప్‌టాప్ పెట్టుకుని పెళ్ళిళ్ళకీ ఊరేగింపులకీ పాటలు కట్టి అమ్ముతాడు. మా ఇంట్లో చేపల పులుసు తిని పెరిగినవాడే, నన్ను అక్కా అంటాడు, మా అయ్యని మావా అంటాడు.

వీడియో విని తల గోక్కున్నాడు. "అక్కా, ఇందులో సముద్రమే ఎక్కువుంది. మావ ఎక్కడో అడుగున ఉన్నాడు. ఉండు, తీత్తాను."

ఏవేవో గీతలు పైకీ కిందకీ జరిపాడు. గాలి పోయింది, అమ్మ పోయింది. చివరికి ఒక్క ముక్క శుభ్రంగా మిగిలింది. "ఓ లాగో, ఒడ్డెక్కో", వెనక ఊరంతా "ఐసా". ఆ ఐసా అయిపోగానే మళ్ళీ మొదటి ఓ వచ్చేలా కత్తిరించి అతికించాడు. ఎక్కడ అతికించాడో వెతికినా దొరకలేదు. అది అలా తిరుగుతూనే ఉంది, ఊపిరి తీసుకోని మనిషి పిలుస్తున్నట్టు. దాన్ని లూప్ అంటారని చెప్పాడు.

హెడ్‌ఫోన్లు మా అయ్య చెవులకి పెట్టాడు. మా అయ్య కళ్ళు మూసుకున్నాడు. పెదాలు దానితో పాటు కదిలాయి. ఐసా వచ్చినప్పుడల్లా నడుం వంగింది. కాసేపటికి హెడ్‌ఫోన్లు తీసి నా చెవులకి పెట్టాడు, తర్వాత కోటికి పెట్టాడు, మళ్ళీ లాక్కుని తనే పెట్టుకున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారి మెడ మీది గుడ్డలోకి పోతున్నాయి. ఆయన ఏడవడం నేను చూడ్డం అదే మొదలు. నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

ఊరి పెద్ద కూడా ఫోన్లో ఆ ముక్క విని ట్రాక్టర్ మాట వదిలేశాడు. "పైడిగాడి గొంతుంటే ఇంకేటి కావాల" అన్నాడు.

వారం పోయాక నేనూ కోటీ మళ్ళీ షహబాజ్ దగ్గరికి వెళ్ళాం. ఆ రోజు మా అయ్య మెడకి కట్టు మార్పించుకోడానికి అమ్మతో ఆసుపత్రికి వెళ్ళాడు. షహబాజ్ అప్పటికి ఆ ముక్క చుట్టూ డప్పులు వేశాడు, కింద గుండెల్లో గుద్దే బేస్ వేశాడు. కంప్యూటర్ తెర నిండా రంగురంగుల గడులు. ఎర్రవి డప్పు, పచ్చవి బేస్, నీలం మా అయ్య. అన్నీ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకదాని కింద ఒకటి పరిచి ఉన్నాయి.

"బాగానే ఉంది కదా. ఇదే తిప్పీ. లాగడానికి ఇది సాలు" అన్నాను.

షహబాజ్ నన్ను జాలిగా చూశాడు. "అరె అక్కా, ఒకే ముక్క అంతసేపు తిప్పితే జనం చెవులు మూసుకుంటారు. లూప్ అంటే ఇటక. ఇటక మీద ఇటక పేర్సీసి ఇల్లంటే ఇల్లవుద్దేటి? గుమ్మం తియ్యాల, కిటికీలు తియ్యాల. ముందు అన్నీ నింపీసినాను. ఇప్పుడు తీసుకుంటా వత్తాను. పాట కట్టడమంటే అదే."

తీయడం మొదలుపెట్టాడు. మొదట్లో అన్నీ తుడిచేసి ఒట్టి కెరటాల చప్పుడు ఉంచాడు. తర్వాత ఒక్క డప్పు రానిచ్చాడు. ఆ తర్వాత మా అయ్య గొంతు, ముందు దూరం నుంచి వస్తున్నట్టు సన్నగా, తర్వాత దగ్గరగా. ఆ తర్వాత బేస్. చూస్తూంటే సరదాగానే ఉంది. బట్టల ఫ్యాక్టరీలో మేము గుడ్డ మీద నమూనా పెట్టి అక్కర్లేనిది కత్తిరించినట్టే ఉంది. అంతలో ఒక చోట ఎర్రవీ పచ్చవీ నీలంవీ అన్నీ తీసేశాడు.

"ఇక్కడ అయ్య ఎటెల్పోనాడు?" అన్నాను.

"ఇది బ్రేక్ అక్కా. ఎనిమిది బార్లు, అంటే ఎనిమిది సుట్లు తాళం, ఏటీ ఉండదు. సముద్రం హోరొకటి మెల్లగా పెరుగుతా ఉంటాది. జనానికి ఆకలి పుడతాది. మావేడి, మావేడి అనుకుంటారు. సేతులెత్తీసి సూత్తా ఉంటారు. అప్పుడు వదుల్తాను. ఇను."

వినిపించాడు. అంతా ఆగిపోయింది. హోరు పెరిగింది, ఇంకా పెరిగింది, ఊపిరి బిగబట్టుకున్నాను. ఒక్కసారిగా మా అయ్య గొంతూ డప్పులూ బేసూ కలిసి మీద పడ్డాయి. కోటి కుర్చీలోంచి ఎగిరి గెంతాడు. "మావ వచ్చీసినాడ్రా" అని షహబాజ్ వీపు మీద చరిచాడు. ముందు గదిలోంచి రహమాన్ గారు తల పెట్టి అద్దాలు పగులుతాయని తిట్టారు. నాకు చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. బాగుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి?

జాగ్రత్త గురించి మాట్లాడుకోలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కోటి అక్కడే కూర్చుని షహబాజ్‌కి పూసగుచ్చినట్టు చెప్పాడు. "దుంగలు మార్సినప్పుడల్లా పాట ఆపాల. నాను ఎర్ర తువ్వాలెత్తితే ఆపీ. దించితే ఎయ్యి. మర్సిపోతే మనుసులు పోతారు."

"స్పేస్ బార్ మీద ఏలెట్టుకునే కూకుంటాను బావ" అన్నాడు షహబాజ్.

దుంగల దగ్గర ఉండే గణేష్‌కీ మిగతావాళ్ళకీ కూడా తువ్వాలు చూసుకోమని కోటి చెప్పాడు. మా అయ్యకి చెప్పలేదు. ఆయనకి చెప్పాల్సిన పనేముంది? ఆయన పెద్ద మనిషిగా కుర్చీలో కూర్చుంటాడు. పూర్తయిన పాట కూడా పండగనాడు బాక్సుల్లోనే వినాలని, ముందు వినిపించవద్దని కోటి పట్టుబట్టాడు. కుర్రాళ్ళు మాత్రం ఆగలేదు. వారం రోజులూ ఒడ్డున ఎవడి ఫోన్లో చూసినా ఆ పాటే. ఎక్కడ ఆగుతుందో ఎక్కడ పడుతుందో అందరికీ కంఠతా వచ్చేసింది. మా అయ్య దగ్గరికి వస్తే ఆపేసేవారు.

పండగ ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం ఎండ దిగుతుండగా నావకి పసుపు రాసి, వేపాకు కట్టి, మోకులు తగిలించారు. గుడి పక్కన షామియానా కింద షహబాజ్ బల్ల, దాని రెండు పక్కలా నా ఎత్తున్న డీజే బాక్సులు. మా అయ్యకి తెల్ల చొక్కా తొడిగి, మెడలో బంతిపూల దండ వేసి, బాక్సుల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ రోజు ఆడవాళ్ళు మోకు ముట్టకూడదు, నావనీ ముట్టకూడదు. మేమంతా ఒక పక్కగా నిలబడ్డాం.

కెరటాల చప్పుడుతో పాట మొదలైంది. తర్వాత డప్పు. తర్వాత మా అయ్య గొంతు ఇసక మీదంతా పరుచుకుంది. పక్కనున్న ఆడవాళ్ళు చెంగులు నోట్లో కుక్కుకున్నారు. మా అమ్మ ఏడవలేదు, నోరు తెరుచుకుని బాక్సుల వంకే చూసింది. "ఓ లాగో, ఒడ్డెక్కో." "ఐసా." నావ కదిలింది. ఆ ఊపు చూసి ఎన్నాళ్ళయిందో. ఒక్కడు కూడా ముందూ వెనకా కాలేదు. కుర్చీలో మా అయ్య ప్రతి ఐసాకీ మడమలు ఇసకలోకి గుచ్చుతున్నాడు. ఊరి పెద్ద వచ్చి ఆయన భుజం తట్టి వెళ్ళాడు.

మోకు ముందు వరసలోంచి కోటి తువ్వాలు ఎత్తాడు. షహబాజ్ ఆపాడు. గణేష్ వాళ్ళు దూరి దుంగలు మార్చి బయటికి వచ్చారు. తువ్వాలు దిగింది, పాట వచ్చింది. మళ్ళీ ఒకసారి అలాగే జరిగింది. అనుకున్నది అనుకున్నట్టు నడుస్తోంది.

మూడోసారి ఆగినప్పుడు మా అయ్య మెడ సాచి నావ వెనక్కి చూశాడు. గణేష్ ఒక దుంగని వంకరగా పడేశాడు. నాకు కనబడలేదు గాని ఆయనకి కనబడింది. దండ తీసి కుర్చీ మీద పడేసి లేచాడు.

"అయ్యా, కూకో. గణేష్ సూసుకుంటాడు" అని చెయ్యి పట్టుకున్నాను.

నా చెయ్యి విదిలించేశాడు. ఆ విదిలింపులో ఎంత బలం ఉందో, జబ్బు మనిషి అనిపించలేదు. ఇసకలో చకచకా వెళ్ళి గణేష్ నెత్తిన ఒక్కటిచ్చాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, గణేష్ కూడా నవ్వుతూ తప్పుకుని ముందుకెళ్ళి మోకు పట్టుకున్నాడు. మా అయ్య దుంగని సరిచేసి బయటికి వచ్చి నావ వెనక నిలబడ్డాడు. ఎవరూ వద్దనలేదు. ఎందుకంటారు? ఆ నావ గురించి ఆయనకి తెలిసినంత ఎవరికి తెలుసు? పైగా ఆయన మొహం ఆ రోజు చూసినవాళ్ళెవరూ ఆయన్ని కుర్చీలోకి పొమ్మని అనలేరు.

తువ్వాలు దిగింది. గుడి ముందు ఆఖరి ఎత్తు మిగిలింది, అన్నిటికన్నా నిలువైనది. నాలుగైదు ఊపులు పడ్డాయి. అప్పుడు పాటలో ఆ ఖాళీ వచ్చింది.

డప్పులు పోయాయి. బేస్ పోయింది. మా అయ్య గొంతు పోయింది. మోకు పట్టినవాళ్ళకి తెలుసు కదా, ఒక చేత్తో మోకు బిగబట్టి ఇంకో చెయ్యి గాల్లోకి ఎత్తి నవ్వుతూ నిలబడ్డారు. కోటి తువ్వాలు భుజం మీదే ఉంది. నావకి అవతల, బాక్సులకి దూరంగా నిలబడ్డ మనిషికి ఆ సన్నటి సముద్రం హోరు వెనకనున్న సముద్రం హోరులో కలిసిపోయి ఉంటుంది. ఆయనకి తెలిసింది ఒక్కటే, పిలుపు ఆగింది. అది ఎవరి పిలుపో కూడా ఆయనకే బాగా తెలుసు. కింద మనిషి ఉండగా ఆ గొంతు లేవదు. అంతకన్నా నమ్మకమైనది ఆయనకి లోకంలో ఇంకేముంది? ఆయన నావ కిందకి దూరాడు.

నేను చూశాను. తెల్ల చొక్కా వంగడం, మడమలు ఇసకలో ఈడ్చుకుంటూ లోపలికి పోవడం చూశాను. "ఆపండి, అయ్యున్నాడు" అని అరుస్తూ షహబాజ్ బల్ల వైపు పరిగెత్తాను. ఇసకలో కాళ్ళు సాగవు. హోరు పెరుగుతోంది. జనం ఓ అని అరుస్తున్నారు, ఆ అరుపులో నా అరుపు కూడా కలిసిపోయింది. షహబాజ్ వేలు స్పేస్ బార్ మీదే ఉంది. కళ్ళు మాత్రం కోటి తువ్వాలు మీద ఉన్నాయి, చెప్పింది చెప్పినట్టు చేసే కుర్రాడు. తువ్వాలు లేవలేదు.

"ఓ లాగో, ఒడ్డెక్కో."

"ఐసా" అంది ఊరంతా. నావ ఎగిరి కదిలింది. కింద దుంగ ఒకటి తిరగబడి పక్కకి దొర్లిపోయింది, నావ అడుగు ఇసక మీదకి కూలబడింది. "ఓ లాగో, ఒడ్డెక్కో" అన్నాడు మా అయ్య బాక్సుల్లోంచి. "ఐసా" అని ఇంకోసారి లాగారు. నావ కింద ఉన్న ఆయనకి అరవడానికి గొంతు లేదు. అప్పటికి నేను బల్ల మీద పడి ఆ లాప్‌టాప్ మీద అరచేత్తో కొట్టాను. పాట ఆగింది.

తర్వాత అందరూ ఒకేసారి అరిచారు. కోటి మోకు వదిలేసి వెనక్కి పరిగెత్తి ఇసకలో పడ్డాడు, కిందకి చూసి "మావా" అన్నాడు. నావని రెండు పక్కలా పట్టుకుని ఎత్తాలి. ఎత్తబోయారు. ఈ పక్కవాళ్ళు ఎత్తితే ఆ పక్కవాళ్ళు వదిలారు, ఆ పక్కవాళ్ళు ఎత్తితే నావ ఇటు ఒరిగింది. ఒరిగిన ప్రతిసారీ అది ఆయన మీదే ఒరుగుతోంది. "అందరూ ఒక్కపాలే" అని ఎవరో మొత్తుకున్నారు. కోటి పిలవబోయాడు, నోరు తెరిచాడు గాని మాట రాలేదు. ఊరి పెద్ద మా వైపు తిరిగి రెండు చేతులూ ఊపాడు.

"పాటెట్టరా. ఒరే, పాటెట్టు."

షహబాజ్ బల్ల కిందకి జారిపోయి, తల పట్టుకుని కూర్చున్నాడు. "నాను ఎట్టను. నాను ఎట్టను అక్కా" అంటున్నాడు.

నేనే నొక్కాను.

మా అయ్య మళ్ళీ పిలిచాడు. ఆ డప్పులూ ఆ బేసూ అన్నీ ఉన్నాయి, వాటిని తీయడం నాకు రాదు. ఏడుస్తూనే "ఐసా" అన్నారు. ఒక్కసారే ఎత్తారు. నావ లేచింది. ఇంకో ఐసాకి మరింత లేచింది. మా అమ్మ వెళ్ళి ఆయన చంకల కింద చేతులు వేసి ఇవతలికి లాగింది. ముట్టకూడదని ఎవరూ అనలేదు. నేను అక్కడ నిలబడి పాట నడిపిస్తున్నాను, అమ్మ ఆయన్ని పూర్తిగా బయటికి తెచ్చేదాకా ఆపలేదు. తెల్ల చొక్కా ముందు భాగమంతా ఎర్రగా ఉంది. ఇసక నోట్లోకి, మెడ మీది చిల్లులోకి పోయింది. అమ్మ చెంగుతో ముందు ఆ చిల్లు తుడిచింది.

అంబులెన్సు ఘాట్ రోడ్డెక్కకముందే అందులో ఉన్న కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. నావ కిందే పోయాడని ఆసుపత్రిలో చెప్పారు.

మేము తిరిగి వచ్చేసరికి పోలీసులు ఉన్నారు. నావ గుడికి పది అడుగుల దూరంలో అలాగే పడి ఉంది. షహబాజ్‌ని జీపులో కూర్చోబెట్టారు. రహమాన్ గారు జీపు చువ్వ పట్టుకుని నిలబడ్డారు, ఆయన టోపీ ఎక్కడో పడిపోయినట్టుంది. ఒక కానిస్టేబుల్ లాప్‌టాప్ ఎత్తుకుంటే మా అమ్మ అడ్డం పడింది. "మా మనిషి గొంతు ఆ పెట్టిలో ఉంది బాబూ. దాన్నెటు అట్టుకెల్తన్నారు?" అని అడిగింది. అతను నెమ్మదిగానే ఆమె చెయ్యి విడిపించుకున్నాడు.

ఎస్సై ఒక్కొక్కర్నీ పిలిచి ఒకటే ప్రశ్న అడిగాడు, లాగమని ఎవరు చెప్పారు అని. మొదట కోటిని అడిగాడు.

"మా మావ బాబూ" అన్నాడు కోటి.

"ఏ మావ?"

"పైడయ్య."

"చనిపోయినాయన పేరు పైడయ్య కదయ్యా."

"ఆడే బాబూ. ఆడు పిల్సినాడు, నాను ఇన్నాను. ఆడు పిలిత్తే లాగకుండా ఎలాగుంటాం?"

గణేష్‌ని అడిగాడు. పైడయ్య మావే అన్నాడు. ఊరి పెద్దని అడిగాడు. పైడిగాడే అన్నాడు. మోకు పట్టిన వరసంతా అడిగాడు, ఒక్కడి జవాబు కూడా మారలేదు. ఎస్సైకి విసుగొచ్చింది. టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "అందరూ తాగున్నారా? బటన్ నొక్కింది ఆ డీజే కుర్రాడు. ఆ ఒక్క ముక్క చెప్పడానికి ఏమొచ్చింది?" అన్నాడు.

చివరికి నా దగ్గరికి వచ్చాడు. "నువ్వు చదువుకున్నదానిలా ఉన్నావ్. కూతురివి. నువ్వు చెప్పమ్మా, ఎవరు లాగమన్నారు?"

జీపులోంచి షహబాజ్ నా వంకే చూస్తున్నాడు. వాడి మీద నాకు కోపం లేదా అంటే ఉంది. కోటి మీద ఉంది, గణేష్ మీద ఉంది, చెయ్యి విదిలించుకుని పోయిన ఆ మొండి మనిషి మీద అందరికన్నా ఎక్కువ ఉంది. కానీ అడిగింది అది కాదు.

"మా అయ్యే లాగమన్నాడు సార్" అన్నాను.